ఎవరి పేరు మీద

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
కింద చీరల కొట్టు, పైన మేము.
పట్టుచీర మడత విప్పిన చప్పుడు కూడా
మెట్లెక్కి వస్తుంది, మధ్యాహ్నాలు అంత ఖాళీ.
మేం రాసేది కోల్డ్ స్టోరేజీల లెక్క:
ఎవరి మిర్చి, ఎన్ని టిక్కీలు, ఏ గదిలో, ఏ వరసలో.

పొద్దున ఫోను. యార్డు నుంచి గుమాస్తా అంకినీడు.
"బాబూ, మళ్ళీ అదే.
టిక్కీకి అరకిలో ఎగిరిపోతోంది చీటీలో.
రైతు నా ఎదురుగానే కూచున్నాడు.
మిషను అబద్ధమాడదంటాడుగా మీ ఓనరు,
మరి నేనాడానా?"
నూట అరవై టిక్కీలు. ఎనభై కిలోలు.
నోటిలెక్క, దానికి కంప్యూటరు అక్కర్లేదు.

మళ్ళీ అన్నాడు చూడండి, ఆ మాట పట్టుకుంది నన్ను.
మళ్ళీ అంటే ముందొకటి ఉండాలి.

వెతికాను.
టికెట్టు పదకొండు వందల ఎనభై ఏడు, తూకంలో తేడా.
ఇంకా తెరిచే ఉంది.
ఇప్పుడెవరి చేతిలో ఉందని చూస్తే
ఆ గడిలో ముఖం లేని బూడిదరంగు బొమ్మ.
భుజాలున్నాయి, మెడ ఉంది,
అడిగితే చెప్పడానికి నోరు లేదు.

ఇప్పుడెవరిది అని అడగడం తేలిక.
ఒకప్పుడెవరిది అని అడగడానికి
వేరే మాట ఉందని నాకు తెలీదు.
నాగూర్ మీరా నా భుజం మీదుగా వంగి
టీ గ్లాసు పక్కన పెట్టి, ఒక్క పదం మార్చాడు.
"ఉంది" కొట్టేసి "ఉండేది" రాసినంత పని.
అంతే.
ఎండాకాలం కాలవ కట్టేస్తే
అడుగున చెంబులూ తెగిన చెప్పులూ బయటపడ్డట్టు
పేర్లు.

మొదట వజీరున్నీసా, తొమ్మిది రోజులు.
ఇప్పుడు నరసరావుపేటలో ట్యూషన్లు చెబుతోంది.
"చూస్తాను" అని రాసింది.
తర్వాత సాల్మన్‌రాజు. "చూస్తాను, సోమవారం."
ఏ సోమవారమో రాయలేదు.
అతని కుర్చీ చక్రం ఇప్పటికీ ఎడమకే లాగుతుంది,
నేను కూచున్నది అందులోనే.
తర్వాత ఓనరు బావమరిది, నలభై నిమిషాలు.
ఏమీ రాయలేదు, ఆయన ఎక్కడా ఏమీ రాయడు.

నాలుగో పేరు చదివి
ఇంకెవరో అదే పేరువాళ్ళు ఉండేవారా
అని మీరాని అడిగాను.
లేరు.
రెండేళ్ళ కింద ఆషాఢంలో, ఒక శనివారం
సాయంత్రం ఆరూ నలభైకి నా పేరు మీదికొచ్చి
ఆరూ నలభై మూడుకి పోయింది.
అప్పుడేం చేస్తున్నానో గుర్తులేదు.
మూడొంతెనల కింద నీళ్ళు నిలవకముందే
ఇల్లు చేరాలని బండి తాళం వెతుక్కుంటున్నానేమో.
రాసిన మాట మాత్రం ఉంది:
"చూద్దాం."

వాళ్ళు చూస్తాను అన్నారు.
అది ఏకవచనం, గాలిస్తే కనీసం ఒక మనిషి దొరుకుతాడు.
చూద్దాం బహువచనం.
అందులో ఎవరూ ఉండరు.

"తిలాపాపం తలా పిడికెడు" అని నవ్వి
నేను తాగని గ్లాసు కూడా తీసుకెళ్ళాడు మీరా.
కానీ పిడికెడు పిడికెడుగా పోయింది
పాపం కాదు, కాయలు.
తొడిమతో సహా, ఎర్రగా, ఎవరివో.
ఎన్ని చీటీల్లోంచి పోయాయో వెతకాలంటే
ఏ పదం మార్చాలో మీరాకీ తెలీదు.

వీధిలో టిక్కీల లారీ వెళ్ళింది.
కింద కొట్టులో ఎవరో, పైన మేమిద్దరం
ఒకేసారి తుమ్మాం.

అంకినీడుకి ఫోను చేశాను.
"ఆ రైతు ఉన్నాడా?"
"బస్సుకి టైమైందని లేచెళ్ళాడు.
పున్నయ్యని, ప్రత్తిపాడు అవతల. ఏం, చెప్పాలా ఏమన్నా?"

ఏం లేదన్నాను.
బూడిద బొమ్మ మీద నొక్కి నా పేరు పెట్టాను.
కింద మాట రాసే చోట
చాలాసేపు గీత ఒకటి మెరుస్తూ ఆరుతూ ఉంది.
పున్నయ్య, అని రాశాను.
ఎనభై కిలోలు.